ఇల్లు కడిగిన నీరు కాలవకే చేరుతుంది
కుంకుళ్లు, బూడిద, చింతపండు, నిమ్మతొక్కలతో చవగ్గా శుభ్రం - జాగ్రత్తలు మాత్రం తప్పవు

అమలాపురం: తెల్లవారింది. కాలవ రేవులో ఒక మెట్టు మీద గిన్నెలు తోముతున్నారు. పక్క మెట్టు మీద బట్టలు ఉతుకుతున్నారు. కాస్త దిగువన గేదెలు నీళ్లలోకి దిగాయి. ఇంకా దిగువన పక్క ఊరివాళ్లు తూము ఎత్తి మంచినీళ్ల చెరువు నింపుకుంటున్నారు. బట్టల పొడి నురుగు ఈ రేవు దగ్గర బయలుదేరి ఆ తూము వైపు మెల్లగా సాగిపోతోంది.

కోనసీమలో ఇది ఎవరికీ కొత్త దృశ్యం కాదు. కొత్త కాదు కనుకే ఎవరికీ పట్టదు. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనాటి నుంచి మన పొలాలకీ, మన కుండలకీ ఈ కాలవలే దిక్కు. ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు ఊరూరా చెరువులు నింపుకుంటారు. మళ్లీ కాలవ వదిలేదాకా చాలా ఊళ్లు ఆ నీళ్లతోనే గడుపుకోవాలి. ఎగువ ఊరు పారబోసింది మన చెరువులోకి వస్తుంది. మనం పారబోసింది దిగువ ఊరి చెరువులోకి పోతుంది.

ఇది నీళ్ల సంగతి. డబ్బు సంగతి ఇంకొకటి ఉంది. ఈ నెల కిరాణా చీటీ ఒకసారి తీసి చూడండి. బట్టల పొడి, బట్టల సబ్బు, గిన్నెల సబ్బు, నేల తుడిచే మందు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్, అద్దాలు తుడిచే నీలం నీళ్లు - మొత్తం ఆరు. ఆ ఆరింటి కిందా గీత గీసి కూడండి. వచ్చిన అంకెను పన్నెండుతో హెచ్చించండి. కూలికి వెళ్లే ఇంట్లో ఆ అంకె ఎన్ని రోజుల కూలి అవుతుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

ఈ ఆరింటిలో కొన్నిటిని ఇంట్లోనే చేసుకోవచ్చు. కొన్నిటి అవసరం అసలే లేదు. కొన్నిటిని మాత్రం మానకూడదు. ఏది ఏదో తెలుసుకోవటమే ముఖ్యం.

అత్తగారి రోజుల్లో...

"మా అత్తగారి రోజుల్లో సబ్బంటే పండక్కే కొనేవారండి. తలకి కుంకుడు రసం, గిన్నెలకి బూడిద, ఇత్తడికి చింతపండు. అంతే" అంటుంది రేవులో బిందె తోముతున్న ఒక పెద్దావిడ. ఆమె చేతిలో మాత్రం పచ్చ రంగు గిన్నెల సబ్బే ఉంది. అడిగితే నవ్వేసింది. "బూడిద ఎక్కడుందండీ ఇప్పుడు? గ్యాసు పొయ్యికి బూడిద రాదు కదా" అంది.

ఆ మాట నిజం. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. పొగ తగ్గి ఆడవాళ్ల కళ్లూ, ఊపిరితిత్తులూ కాస్త తెరిపిన పడ్డాయి. అది మంచే. దాంతోపాటు పొయ్యిలో బూడిద కూడా పోయింది. అయినా కోనసీమలో చాలా ఇళ్ల పెరట్లో స్నానాలకి నీళ్లు కాచే పొయ్యి ఇంకా ఉంది. కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు అందులోనే కాలుతున్నాయి. ఆ బూడిదను పెంట మీద పారేసి, గిన్నెల సబ్బు కోసం కొట్టుకి పోతున్నాం.

కుంకుడు రసం తీసే పద్ధతి

కుంకుడుకాయ తోలులో సాపోనిన్ అనే పదార్థం ఉంది. నీళ్లలో కలిపి గిలిస్తే నురుగు వచ్చేది దానివల్లే. జిడ్డుని పట్టి నీళ్లలోకి లాగేదీ అదే. ఈ చెట్టుకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సపిండస్. అంటే 'ఇండియా సబ్బు' అని అర్థం. మన పెరటి చెట్టు పని ఏమిటో పేరు పెట్టినవాళ్లకి బాగానే తెలుసు.

తయారీ సులువు. 10, 12 కాయలు తీసుకుని రాయితో చితక్కొట్టి గింజలు తీసెయ్యండి. తోలును లీటరు నీళ్లలో రాత్రి నానెయ్యండి. పొద్దున ఆ నీళ్లతోనే పావుగంట, ఇరవై నిమిషాలు సన్నని సెగ మీద మరగనివ్వండి. చల్లారాక చేత్తో బాగా పిసికి పాత గుడ్డలో వడకట్టండి. చిక్కటి గోధుమరంగు రసం దిగుతుంది. పిప్పిని మరోసారి నీళ్లు పోసి మరిగిస్తే రెండో రసం వస్తుంది. అది పలచగా ఉంటుంది. నేల తుడవటానికి సరిపోతుంది.

ఈ రసం నిలవ ఉండదు. బయట పెడితే రెండు మూడు రోజుల్లో పులిసి వాసన వేస్తుంది. ఫ్రిజ్ ఉన్నవాళ్లు వారం వాడుకోవచ్చు. లేనివాళ్లు రెండు రోజులకి సరిపడా తీసుకోవటం మేలు. ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి దంచిన పొడిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోస్తే నెలల తరబడి ఉంటుంది. కావలసినప్పుడు వేడినీళ్లలో కలుపుకోవటమే.

పట్టుచీరలకీ, జరీ బట్టలకీ, ఉన్నికీ దీనికి మించింది లేదు. రంగు వెలవదు, నూలు పెళుసెక్కదు. బంగారం వస్తువులు కూడా కుంకుడు రసంతోనే మెరుగు తేలతాయని మన ఇళ్లలో అందరికీ తెలుసు. రోజువారీ బట్టలకైతే బకెట్టు గోరువెచ్చటి నీళ్లలో ఒక గ్లాసు చిక్కటి రసం కలిపి అరగంట నానబెట్టి ఉతకాలి. నురుగు తక్కువగా ఉందని బెంగ పడనక్కర్లేదు. నురుగు ఎక్కువైతే మురికి ఎక్కువ పోతుందన్నది అలవాటు కొద్దీ వచ్చిన నమ్మకమే.

సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ఆ నీళ్లలో సబ్బు నురగక తెట్టులా విరుగుతుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు.

లోపాలూ చెప్పుకోవాలి. తెల్లబట్టలు అదే పనిగా కుంకుడు రసంలో ఉతికితే కాస్త పసుపు రంగు తిరుగుతాయి. నూనె మరకలు, ఇంజను గ్రీజు దీనికి లొంగవు. అలాంటి మరకల మీద బట్టల సోడా వేడినీళ్లలో కలిపి రుద్ది, ఆ తరువాత ఉతకాలి. రసం కంట్లో పడితే మంట భరించటం కష్టం. పిల్లలకి అందకుండా ఉంచాలి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కడుగుతూ ఉండాలి.

బూడిద నీళ్లు

కట్టెల బూడిదలో పొటాషియం కార్బనేట్ అనే క్షారం ఉంది. అరటి బోదె, కొబ్బరి మట్ట కాల్చిన బూడిదలో పొటాషియం పాలు ఎక్కువ. జిడ్డు గిన్నె మీద తడి బూడిద రుద్దితే, ఆ క్షారం నూనెతో కలిసి అక్కడికక్కడే కొద్దిగా సబ్బు తయారవుతుంది. కనుక బూడిదతో తోమటం అంటే ఉత్త గరుకుతో గీకటం ఒకటే కాదు. మన పెద్దలు రోజూ గిన్నె మీదే సబ్బు చేసుకున్నారన్నమాట.

బూడిదను జల్లెడ పట్టి బొగ్గు ముక్కలు, మేకులు తీసెయ్యండి. పొడిగా డబ్బాలో పెట్టుకోండి. కొబ్బరి పీచు తడిపి బూడిదలో అద్ది తోమితే సరి. స్టీలు పీచు, ప్లాస్టిక్ పీచు కొననక్కర్లేదు. కొబ్బరి పీచు అరిగాక పెంటలో కుళ్లి ఎరువవుతుంది. ప్లాస్టిక్ పీచు అరిగితే ముక్కలు ముక్కలై కాలవలోకే పోతుంది.

బట్టలకి బూడిద నీళ్లు తేర్చుకోవాలి. బకెట్టు నీళ్లలో ఒక చెంబుడు బూడిద వేసి కలిపి రాత్రంతా వదిలేస్తే, పొద్దుటికి మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వేలితో ముట్టుకుంటే జారుడుగా ఉంటాయి. దుప్పట్లు, మసిగుడ్డలు, పొలం బట్టలు అందులో నానబెట్టవచ్చు. చిక్కటి నీళ్లలో చెయ్యి ఎక్కువసేపు పెట్టకూడదు. చర్మం పగులుతుంది.

రెండు నియమాలు గుర్తుంచుకోవాలి. మొదటిది: ప్లాస్టిక్ కవర్లు, రంగు వేసిన చెక్క, రబ్బరు కాల్చిన పొయ్యిలో బూడిద గిన్నెలకి పనికిరాదు. రెండోది: సత్తు గిన్నెలకి బూడిద గానీ, బట్టల సోడా గానీ తగలకూడదు. క్షారం సత్తుని తినేసి నల్లబరుస్తుంది. నాన్‌స్టిక్ పెనాలకీ బూడిద వద్దు, పూత గీకుకుపోతుంది. ఊక బూడిద మరీ గరుకు. ఇనప పెనానికీ, మూకుడికీ తప్ప మిగతా వాటికి అది వాడకండి.

పులుపు పనులు

ఇత్తడి, రాగి నల్లబడటం అంటే లోహం పైన గాలి తగిలి పట్టిన చిలుము. పులుపు దాన్ని కరిగిస్తుంది. చారుకి పిండిన చింతపండు పిప్పి పారెయ్యకుండా కాస్త ఉప్పు కలిపి రుద్దితే బిందె తళతళలాడుతుంది. తోమిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. పులుపు అలాగే వదిలేస్తే మళ్లీ పచ్చగా చిలుము పడుతుంది.

నల్లబడ్డ సత్తు గిన్నెలో చింతపండు పిప్పి, నీళ్లు వేసి పది నిమిషాలు మరిగిస్తే తెల్లబడుతుంది. ఆ నీళ్లు పారబోసి గిన్నె శుభ్రంగా కడిగాకే వంటకి వాడాలి.

గిన్నెలకి వాడే చిక్కటి ముద్ద ఇలా చేసుకోవచ్చు: పిండేసిన అరడజను నిమ్మచెక్కలు, గింజ తీసిన పది కుంకుడుకాయలు, రెండు చెంచాల ఉప్పు. ఇవన్నీ మునిగేలా నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, చల్లారాక రుబ్బి వడకట్టండి. వారం రోజులకి సరిపడా చేసుకోవాలి. వాసన మారితే పారబోసి మళ్లీ చేసుకోవాలి. దీనికి వాడిన మిక్సీ గిన్నెను రెండుసార్లు కడగకపోతే మర్నాడు పచ్చడి చేదెక్కుతుంది.

అద్దాలకీ, కిటికీలకీ నీలం నీళ్ల సీసా అవసరం లేదు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ గానీ, వడకట్టిన నిమ్మరసం గానీ కలిపి తుడిచి, పాత దినపత్రికతో రుద్దితే చాలు. ఈ కాగితం చదివాక ఆ పనికి వాడుకోవచ్చు.

పులుపు పనికిరాని చోటు ఒకటుంది. కడప బండలు సున్నపురాయి జాతివి. పాలరాయి కూడా అంతే. మొజాయిక్ గచ్చులో ఉన్నవీ పాలరాయి ముక్కలే. నిమ్మరసం, వెనిగర్, యాసిడ్ ఏది పోసినా ఇవి కరిగి మెరుపు చస్తుంది. పోయిన మెరుపు మళ్లీ రాదు. వీటిని రెండో కుంకుడు రసంతో తుడిస్తే చాలు.

తొక్కల పులుపు నీళ్లు

ఈమధ్య డ్వాక్రా సంఘాల సమావేశాల్లో 'బయో ఎంజైమ్' అనే మాట వినపడుతోంది. పేరు పెద్దదే కానీ పని చిన్నది. నిమ్మ, బత్తాయి, నారింజ, దబ్బ, పంపర పనస - ఏ తొక్కలైనా సరే. కొలత 1 : 3 : 10. అంటే 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల తొక్కలు, లీటరు నీళ్లు.

ఇవన్నీ ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పైన పావు వంతు ఖాళీ ఉంచి మూత పెట్టాలి. లోపల పులిసేటప్పుడు గాలి పుడుతుంది. మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. గాజు సీసా వాడకూడదు, పగిలిపోతుంది. మూడు నెలలు నీడన ఉంచి వడకడితే గోధుమరంగు పులుపు నీళ్లు వస్తాయి. బకెట్టు నీళ్లలో అరగ్లాసు కలిపి టైల్సు గచ్చు తుడవవచ్చు. వంటగట్టు జిడ్డుకీ, కుళాయి మీద తెల్లటి మరకలకీ నేరుగా రాయవచ్చు.

ఇది సర్వరోగ నివారిణి కాదు. ఇందులో ప్రధానంగా పనిచేసేది పులిస్తే పుట్టిన పులుపే. ఇంట్లో చేసిన వెనిగర్ లాంటిదనుకోండి. క్రిములన్నిటినీ చంపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మూడు నెలల ఓపిక, బెల్లం ఖర్చు ఉంటాయి కనుక తొక్కలు దండిగా దొరికే ఇంటికే ఇది గిట్టుబాటు.

బట్టల సోడా, వంట సోడా, వెనిగర్ అన్నీ కలిపి ఒక మందు తయారు చేసుకోమని చెప్పేవాళ్లూ ఉన్నారు. బుసబుసా పొంగుతుంది కనుక గొప్పగా కనిపిస్తుంది. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. సోడాను జిడ్డు మీదా, పులుపును తుప్పు మీదా, తెల్లమరకల మీదా విడివిడిగా వాడితేనే పని జరుగుతుంది.

మరుగుదొడ్డి సంగతి

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక మన ఊళ్లలో చాలా ఇళ్లకి మరుగుదొడ్లు వచ్చాయి. దాంతోపాటే యాసిడ్ సీసా కూడా వచ్చింది. సెప్టిక్ ట్యాంకులో మలాన్ని అరిగించేవి సూక్ష్మజీవులు. వారం వారం సీసాల కొద్దీ యాసిడ్, ఫినాయిల్ పోస్తే ఆ జీవులు దెబ్బతింటాయి. ట్యాంకు త్వరగా నిండుతుంది. నిండిన ట్యాంకు ఎత్తించటానికి అయ్యే ఖర్చు యాసిడ్ ఖర్చు కంటే చాలా ఎక్కువ.

రోజూ బ్రష్షుతో రుద్దటమే అసలు మందు. వారానికోసారి రెండు చెంచాల బట్టల సోడా వేడినీళ్లలో కలిపి పోసి రుద్దండి. పసుపు మరక కడితే రాత్రి పడుకునే ముందు వెనిగర్ గానీ, తొక్కల పులుపు నీళ్లు గానీ పోసి, పొద్దున రుద్దండి. సోడాతో పనిచేసేటప్పుడు చేతికి తొడుగు గానీ, కనీసం ప్లాస్టిక్ సంచి గానీ ఉండాలి.

ప్రాణం మీదకి తెచ్చే తప్పు

బ్లీచింగ్ పౌడర్ చల్లి ఇంకా శుభ్రం కావాలని దాని మీదే యాసిడ్ పోసేవాళ్లున్నారు. అలా ఎన్నడూ చేయవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది విషవాయువు. తలుపు మూసిన చిన్న గదిలో అయితే ఊపిరి ఆడక మనిషి అక్కడే కూలిపోవచ్చు. బజారు యాసిడ్ ఒకటే కాదు. వెనిగర్, నిమ్మరసం, పైన చెప్పిన తొక్కల నీళ్లు కూడా పులుపే కనుక వాటినీ బ్లీచింగ్‌తో కలపకూడదు. అమ్మోనియా ఉన్న అద్దాల మందుతోనూ కలపకూడదు. ఇంట్లో చేసినదే కదా అని ధీమా పనికిరాదు.

పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే ముక్కు మూసుకుని బయటికి వచ్చెయ్యాలి. తిరిగి లోపలికి వెళ్లి కడగాలని చూడవద్దు. కళ్లు మండితే పావుగంటసేపు ధారగా నీళ్లతో కడగాలి. ఆయాసం, దగ్గు ఆగకపోతే 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో తప్పు కూడా ఇళ్లలో తరచు జరుగుతోంది. యాసిడ్, ఫినాయిల్, ఇప్పుడు కుంకుడు రసం - అన్నీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి గూట్లో పెడుతున్నారు. దాహంతో వచ్చిన పిల్లవాడికి అది రసమో, విషమో తెలియదు. సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. పొరపాటున యాసిడ్ తాగితే వాంతి చేయించకూడదు. దిగేటప్పుడు కాల్చిన గొంతును పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చెట్టు కాయే అయినా...

చెట్టు నుంచి వచ్చింది కనుక కుంకుడు రసం కాలవలో ఎంత పోసినా ఫర్వాలేదనుకుంటే అదీ పొరపాటే. రొయ్యల చెరువుల రైతులకి ఈ సంగతి తెలుసు. రొయ్య పిల్లల్ని వదిలే ముందు చెరువులో మిగిలిన చేపల్ని చంపటానికి తేయాకు గింజల పిండి చల్లుతారు. అందులో చేపల్ని చంపేది సాపోనినే. రొయ్య దాన్ని తట్టుకుంటుంది. చేప మొప్పలు తట్టుకోలేవు. కుంకుడు తోలులో ఉన్నదీ ఆ జాతి పదార్థమే.

అయితే మట్టిలో పోస్తే అది కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. కనుక కుంకుడు నీళ్లు అరటి పాదుకో, కొబ్బరి పాదుకో పొయ్యండి. చేపల గుంటలో, కాలవలో పొయ్యవద్దు. ఉప్పు, బట్టల సోడా కలిసిన నీళ్లు మాత్రం మొక్కలకి మంచివి కావు. వాటికి ఇంకుడు గుంత ఉండాలి. మన ప్రాంతంలో నేలలో నీళ్లు పైపైనే ఉంటాయి. అందుచేత గుంతను బావికీ, బోరుకీ వీలైనంత దూరంగా తవ్వుకోవాలి.

కాలవల్లో గుర్రపుడెక్క పెరగటానికి డిటర్జెంటు ఒక్కటే కారణమని చెప్పటం సరికాదు. పొలాల నుంచి వచ్చే ఎరువులు, ఊళ్ల మురుగు, చెరువుల నుంచి వదిలే నీళ్లు - ఇవన్నీ నాచుకీ, గుర్రపుడెక్కకీ మేతే. ఫాస్ఫేట్లు కలిసిన బట్టల పొడి ఆ మేతలో ఒక పాలు. గుర్రపుడెక్క కుళ్లినప్పుడు నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మిగతా పాళ్లు తగ్గించటం మన ఒక్కరి చేతిలో లేదు. ఈ పాలు మాత్రం మన పెరట్లోనే ఉంది.

చేతులకి సబ్బు మానవద్దు

కుంకుడు రసం, బూడిద, నిమ్మ మురికిని వదిలిస్తాయి. రోగక్రిముల్ని చంపుతాయని వాటి మీద ఆధారపడకూడదు. మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, వంట చేసే ముందు, పసిబిడ్డకి తినిపించే ముందు చేతులు సబ్బుతోనే కడగాలి. ఆరింటిలో ఏది మానినా ఒంటి సబ్బు మాత్రం మానకండి.

అలాగే బ్లీచింగ్ పౌడర్‌కి కూడా ఒక వేళ ఉంది. 1986 వరదనీ, 2022 జూలై వరదనీ చూసిన లంక గ్రామాల వాళ్లకి అది చెప్పనక్కర్లేదు. వరద తీశాక ఇంట్లో మేట వేసిన ఒండ్రు, మురుగు కలిసిన బావి - వీటికి కుంకుడు రసం చాలదు. ఇంట్లో వాంతులు, విరేచనాలు సోకినప్పుడూ అంతే. ఆశా కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త చెప్పిన కొలతలో బ్లీచింగ్ వాడాలి. తాగే నీళ్లు తెర్లకాచి చల్లార్చుకోవాలి.

ఖర్చు ఎంత, కష్టం ఎవరిది?

కుంకుడుకాయలు కొనేటప్పుడు ఒక లెక్క చూసుకోండి. కిలో కాయల్లో తోలు బరువు సగానికి కాస్త ఎక్కువ. మిగతాది గింజ. అంటే గింజ తీసిన తోలు, కాయ ధరకి ఒకటిన్నర రెట్ల లోపు దొరికితే అదే చవక. రెట్టింపు చెబితే కాయలే కొని ఇంట్లో కొట్టుకోండి. మన్యంలో గిరిజనులు ఏరిన కాయల్ని 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. కుంకుడు పొడి, సీకాయ పొడి ఆ సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. నలుగురైదుగురు కలిసి ఎండాకాలంలో ఒక బస్తా తెచ్చి పంచుకుంటే విడిగా కొన్నదానికంటే కలిసొస్తుంది. పెరట్లో జాగా ఉన్నవాళ్లు ఒక మొక్క నాటవచ్చు. అయితే కాపుకి ఏళ్లు పడుతుంది. అది మనవలకి పెట్టే చెట్టు.

కష్టం సంగతి దాచకూడదు. కాయలు కొట్టటం, నానెయ్యటం, మరిగించటం, వడకట్టటం - ఇవన్నీ పనులే. బట్టల పొడి ఊరూరా చేరింది ఊరికే కాదు. ఆడవాళ్ల రెక్కల కష్టం తగ్గించింది కనుకే చేరింది. "చవకండీ, బాగానే ఉంది. ఆ కాయలు కొట్టేది మళ్లీ నేనే కదండీ!" అని ఒక ఇల్లాలు అన్న మాటకి జవాబు చెప్పాలి. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న మగవాళ్లు కబుర్లాడుతూ కాయలు కొడితే అరగంటలో వారానికి సరిపడా తోలు తయారవుతుంది. దానికి పెద్ద నేర్పేమీ అక్కర్లేదు.

అన్నీ ఒక్కసారే మార్చుకోనవసరం లేదు. ఈ వారం అద్దాల మందు, నేల తుడిచే మందు కొనడం మానండి. వచ్చే నెల ఇత్తడి సామాను తోమే పొడి మానండి. బూడిద దొరికే ఇల్లయితే గిన్నెల సబ్బు సగానికి తగ్గించండి. బట్టల పొడి పూర్తిగా మానలేకపోతే కొలిచి వెయ్యండి. గుప్పెళ్లతో వేసే చోట చెంచాతో వేస్తే మురికీ పోతుంది, డబ్బూ మిగులుతుంది. రూపాయి ప్యాకెట్ల బదులు పెద్ద ప్యాకెట్టు కొంటే కాలవలో తేలే కవర్లయినా తగ్గుతాయి.

ఊరంతా కలిసి చేయగలిగిన పని ఒకటి ఉంది. కాలవలు కట్టేసే ముందు చెరువులు నింపే ఆ కొద్ది రోజులూ, తూముకి ఎగువ రేవుల్లో గిన్నెలు, బట్టలు ఉతకకుండా ఉండటం. పంచాయతీ దండోరా వేయిస్తే, ఎగువ ఊరికీ దిగువ ఊరికీ ముందే మాట అనుకుంటే ఇది కష్టం కాదు. ఆ నాలుగు రోజులు బట్టలు పెరట్లో బోరు దగ్గర ఉతుక్కుంటే, ఎండాకాలమంతా తాగే నీళ్లలో అంత నురుగు తగ్గుతుంది. ఈ ఏడు కాలవ కట్టే తేదీ చెప్పగానే పంచాయతీలో ఈ మాట ఎత్తండి.